అవును మాత్రమే నేర్పిన క్లాసు

గుండీల వదిన అంటే ఆ కుట్టు ఫ్యాక్టరీలో తెలియనివాళ్ళు లేరు. మూడో అంతస్తులో కిటికీల వరస పక్కన, చొక్కాలకు గుండీలు కుట్టే మిషను ఆమెది. ఆ మిషను కంటే ఆమె నోరే వేగంగా ఆడుతుందని తోటివాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. చేస్తే చేసుకోనీ, ఆమెకేం పట్టింపు లేదు. వయసులో చాలామందికి పెద్దది కాబట్టి అందరికీ వదినే. సూపర్‌వైజరు కూడా వదినా అనే పిలుస్తాడు, తిట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం "ఏమమ్మా" అంటాడు.

అలాంటి ఫ్యాక్టరీలో ఉన్నట్టుండి ఇంగ్లీషు క్లాసు పెట్టారు. ఇదేం విడ్డూరమని అందరూ ముక్కున వేలేసుకున్నారు. వేసుకోరూ మరి? తాగే నీళ్ళలో నలకలొస్తున్నాయి మొర్రో అంటే చెవిన పెట్టని మేనేజరు, అడక్కుండానే చదువు చెప్పిస్తానంటే ఎవరు నమ్ముతారు? ఆయనకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'అంతా ఓకే'. కుర్చీ కాలు విరిగిందన్నా "అంతా ఓకే", ఫ్యాను తిరగట్లేదన్నా "అంతా ఓకే". ఆయన నోటి నుంచి అంతకు మించి ఎవరూ విన్నది లేదు.

అసలు సంగతి రెండ్రోజుల్లోనే బయటపడింది. విదేశాల్లో చొక్కాలు అమ్మే కంపెనీవాళ్ళు తనిఖీకి వస్తున్నారట. ఇదివరకు వచ్చినవాళ్ళకి కార్మికుల మాటలన్నీ అంతా ఓకే గారే తర్జుమా చేసేవాడు. ఓసారి కాలర్లు కుట్టే ఆవిడ "నడుం పడిపోతోంది సార్, ఈ కుర్చీలు మార్చమనండి" అని మొరపెట్టుకుంటే, ఆయన ఇంగ్లీషులో ఏదో అన్నాడు. వచ్చినాయన ముఖం ఇంత చేసుకుని నవ్వి, ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు. ఏం చెప్పి చచ్చాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఈసారి ఆ పప్పులుడకవట. కార్మికులనే నేరుగా అడుగుతామని కబురు పెట్టారట. అదీ చదువు మీద పుట్టిన ప్రేమ.

పాఠం చెప్పడానికి ఓ రిటైరైన బడిపంతులుగారిని కుదిర్చారు. బక్కపలచటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క. మూడు కాలాలూ అప్పజెప్పించడమే ఆయన పని కాబట్టి టెన్సు మాస్టారని పేరు పడిపోయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఆ భోజనాల గదిలోనే బెంచీలు తుడిచి క్లాసు. ఆయన పద్ధతి ఒకటే. ముందు ఒకరు నిలబడి వాక్యం చెప్పాలి, మిగతా అందరూ గొంతు కలిపి తు చ తప్పకుండా అదే అనాలి.

"అర్థం తర్వాత చూసుకుందాం. ముందు నోరు తిరగాలి. ముందున్న మనిషి ఏమంటే అది అనేయడమే. ఆలోచించారో, ఆగిపోతారు," అనేవాడు.

ముందు నిలబడే మనిషి ఎవరని వెతకాల్సిన పని లేకపోయింది. గుండీల వదిన గొంతు మిషన్ల రొదలోనే అవతలి గోడదాకా వినిపిస్తుంది. ఆమె "ఐ టేక్ రెస్ట్" అంటే గదంతా "ఐ టేక్ రెస్ట్". "ఐ టుక్ రెస్ట్" అంటే గదంతా అదే. "ఐ విల్ టేక్ రెస్ట్" అనేసరికి, ఆ ఉన్న విశ్రాంతి కాస్తా అయిపోయి గంట కొట్టేవాళ్ళు.

నిజం చెప్పాలంటే వదినకి ఆ చదువు తెగ నచ్చింది. చిన్నప్పుడు బడి మాన్పించిన కడుపుమంట ఇంకా చల్లారని మనిషి. గుండీ పెడుతూ "ఐ స్టిచ్", దారం తెంపుతూ "ఐ స్టిచ్‌డ్", పక్క చొక్కా అందుకుంటూ "ఐ విల్ స్టిచ్". ఇంటికెళ్ళినా అదే గోల. గిన్నె పొయ్యి మీద పెట్టి "ఐ కుక్, ఐ కుక్‌డ్, ఐ విల్ కుక్" అని వల్లిస్తుంటే, సరుకుల వ్యాను తోలి తోలి అలసిపోయి వచ్చిన మొగుడు గుమ్మంలో కూలబడి దండం పెట్టాడు.

"తల్లీ, మొదటి రెండూ వదిలెయ్. ఆ మూడోదొక్కటి నిజం చెయ్యి, ఆకలి చంపేస్తోంది."

అంతా బాగానే సాగింది, తలుపు వాక్యం వచ్చేదాకా.

ఆ రోజు మాస్టారు బోర్డు మీద రాసి చదివాడు. "ద డోర్ ఈజ్ ఓపెన్." తలుపు తెరిచి ఉంది. తర్వాత తెరిచి ఉండేది, ఆ తర్వాత తెరిచి ఉంటుంది. వదిన అలవాటుగా గొంతెత్తి అంది. గదంతా అంది. ఒక్క మనిషి మాత్రం అనలేదు. మూడో బెంచీ చివర కూర్చున్న ఆమె తోడికోడలు పెదాలు బిగించి, తన కాళ్ళ వంక చూసుకుంటూ ఉండిపోయింది. మిగతా వాక్యాలన్నీ అందరితోపాటు అన్న మనిషే. వదిన రెండోసారి అంది. ఊహూఁ, చిన్నామె నోరు పెగల్లేదు.

ఆ తలుపు కథ వదినకి తెలియంది కాదు. మూడో అంతస్తుకి రెండు మెట్లదారులు. ముందువి సన్నం, ఇద్దరు పక్కపక్కన దిగలేరు. వెనకవి వెడల్పు, కానీ ఆ తలుపుకి ఎప్పుడూ తాళమే. ఎప్పుడో ఎవరో చొక్కాల మూట ఒకటి ఆ దారిన దాటించారని అంతా ఓకే వేయించిన తాళం అది. కిందటి వానాకాలం కింద బాయిలర్ గదిలో ఏదో అంటుకుని పొగ పైకి తన్నుకొచ్చింది. అందరూ ఒక్కసారిగా ముందు మెట్ల మీద పడ్డారు. ఆ తోపులాటలో తోడికోడలు కిందపడితే, ఆమె పాదం మీద నుంచే దిగిపోయారు జనం. ఎవర్ని అనగలం? ఊపిరాడనప్పుడు కింద ఎవరున్నారో చూసుకుంటారా? ఎముక వంకరగా అతుక్కుంది. అప్పట్నుంచి ఆమె ముందు గుమ్మం పక్క మిషనే అడిగి తీసుకుంది. కుట్టేటప్పుడు కూడా చెప్పులు విడవదు, సంచీ ఒళ్ళోంచి దించదు. ఎక్కడైనా ఇస్త్రీ పెట్టె కాస్త చిటపటమన్నా చాలు, లేచి నిలబడుతుంది.

ఇద్దరివీ ఒకే ఇంట్లో ముందు గది, వెనక గది. ఆ సాయంత్రం కుళాయి దగ్గర బిందె పెట్టి వదిన నిలదీసింది.

"ఏమే చెల్లీ, ఇవాళ నోరు మూతబడిందా?"

"అబద్ధం చెప్పలేనక్కా. వేరేదైతే చెప్తాను. ఆ తలుపు తెరిచే ఉందని నా నోటితో ఎలా చెప్పమంటావు? ఈ కాలు నవ్వదా?"

వదినకి చెంప పగిలినట్టయింది. ఇవాళ ముందు నిలబడి, గొంతు చించుకుని, ఇంతమంది చేత ఆ అబద్ధం పలికించింది తనే కదా! సిగ్గూ కోపమూ కలిసి అరికాలి మంట నెత్తికెక్కింది. నిండిన బిందె పొర్లిపోతున్నా చూసుకోలేదు.

మర్నాడు క్లాసులో చెయ్యెత్తింది. "మాస్టారూ, లేదు అనాలంటే ఇంగ్లీషులో ఎలా అనాలి?"

అప్పుడుగానీ ఎవరికీ తట్టలేదు. వచ్చిన రోజు నుంచీ నేర్చుకున్నవన్నీ అవును వాక్యాలే. పని చేస్తాం, విశ్రాంతి తీసుకున్నాం, సంతోషంగా ఉంటాం. మూడు కాలాల్లోనూ ఒక్క 'లేదు' లేదు, ఒక్క 'కాదు' లేదు. మాస్టారు గుమ్మం వైపు చూశాడు. అక్కడ అంతా ఓకే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అది... మన పాఠంలో లేదమ్మా."

"అవన్నీ మనకెందుకు వదినా?" అన్నాడు అంతా ఓకే, నవ్వు పులుముకుని. "అవును వస్తే చాలు. అంతా ఓకే."

"రేపొచ్చే దొర నన్ను పెళ్ళాడతావా అని అడిగినా అవుననే అనాలా సార్? ఇంట్లో మా ఆయన ఒప్పుకోడేమో!"

గదంతా గొల్లుమంది. అంతా ఓకే ముఖం కందగడ్డయింది, వేళ కాకముందే గంట కొట్టించేశాడు.

నవ్వించినంత మాత్రాన వదిలే మనిషా? ఆ సాయంత్రం బస్సు స్టాపులో మాస్టారిని పట్టుకుంది. ఆయన గొడుగు అడ్డం పెట్టుకుని తప్పించుకోబోయాడు.

"నన్ను ఇరికించకమ్మా. ఈ వాక్యాలు తప్ప ఇంకో ముక్క చెప్పొద్దని మరీ మరీ చెప్పాడాయన. ఈ వయసులో నాకు ఇంకెవరిస్తారు పని?"

"మాస్టారూ, మీరు బళ్ళో ఉన్నన్నాళ్ళూ పిల్లలకి సగం పాఠమే చెప్పి పంపారా?"

ఆ మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పెద్దమనిషి నిటారుగా నిలబడ్డాడు.

"ఏమన్నావ్? నా దగ్గర చదివిన ఏ పిల్లాడినైనా అడుగు. సగం పాఠమా!" వచ్చిన బస్సు ఆగింది, వెళ్ళింది. ఆయన దాని వంకైనా చూడలేదు. గొడుగు మొనతో మట్టిలో గీతలు గీస్తూ నాట్ ఎక్కడ పెట్టాలో, నిన్నకి ఎలా, రేపటికి ఎలా, మొత్తం చెప్పేశాడు. తర్వాతి బస్సూ పోయింది. చివరికి జేబులోంచి సుద్దముక్క తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నేను చెప్పానని మాత్రం అనకు," అన్నాడు, మళ్ళీ భయం గుర్తొచ్చి.

ఆ వారమంతా ఇంట్లో మొగుడికి చుక్కలు కనిపించాయి. "ఐ విల్ నాట్ కుక్, ఐ డిడ్ నాట్ వాష్" అని పెళ్ళాం గదిలో తిరుగుతుంటే, "మీ అంతా ఓకే క్లాసే నయం కదే" అని వాపోయాడు. అయినా పొయ్యి వెలిగించింది ఆయనే. తోడికోడలు మాత్రం నవ్వలేదు.

"అక్కా, నీ పని పోతుంది. నాకోసం ఎందుకు నీకీ తంటా?"

"నీకోసమని ఎవరన్నారు? నాకు కాళ్ళు లేవా? మళ్ళీ పొగొస్తే ఈసారి కిందపడేది నేనే అవ్వచ్చు. పని పోతే పోనీ, నా చేతులెక్కడికి పోతాయి? ఇంత నేర్చుకుని నోరు మూసుకు కూర్చోవడం నావల్ల కాదు."

ఆమె సిద్ధం చేసుకున్న వాక్యం ఒకటే. ద డోర్ ఈజ్ నాట్ ఓపెన్. తలుపు తెరిచి లేదు. గుండీ గుండీకీ దాన్నే అనుకుంది.

తనిఖీ రోజు రానే వచ్చింది. వదిన మెట్లెక్కి మూడో అంతస్తులో అడుగుపెట్టి, నిలబడినచోటే నిలబడిపోయింది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం మాయం. రెక్కలకి కొత్త రంగు, పక్కన పూలకుండీ, పైన పచ్చ బాణం గుర్తు. ఎంత గుండెలు తీసిన బంటు! వారమంతా నూరిపోసుకున్న వాక్యం నోట్లోనే చచ్చిపోయింది. ఇప్పుడు తెరిచి లేదంటే అబద్ధాలకోరు తనే అవుతుంది. దూరంగా తోడికోడలు ఆ తలుపు వంక, దయ్యాన్ని చూసినట్టు చూస్తోంది.

వచ్చినావిడ నడివయసు మనిషి. కత్తిరించిన జుట్టు, చప్పుడు చెయ్యని బూట్లు. అంతా ఓకే ఆవిడ వెనకాలే తిరుగుతూ అన్నీ చూపించి, చివరికి మిషన్లన్నీ ఆపించి అందర్నీ నిలబెట్టాడు. మాస్టారిని పక్కన నిలిపి, వదినని ముందుకి పిలిచాడు. తన క్లాసు మీద ఆయనకి అంత ధీమా. ఆవిడ అడగడం, వదిన జవాబు చెప్పడం, అంతస్తంతా గొంతు కలపడం. విశ్రాంతి తీసుకుంటారా అంటే తీసుకుంటాం. నిన్న తీసుకున్నారా అంటే తీసుకున్నాం. ఆవిడకి ఈ బృందగానం వింతగా తోచిందేమో, నవ్వాపుకుంటోంది. అంతా ఓకే మాత్రం ఉబ్బి తబ్బిబ్బవుతున్నాడు.

అప్పుడు ఆవిడ వెనక వైపు వేలు చూపించి అడిగింది. ఆ తలుపు తెరిచి ఉంటుందా?

వదిన తలుపు చూసింది. తోడికోడలిని చూసింది. చిన్నామె పెదాలు బిగించుకుని, సంచీ గుండెలకి హత్తుకుని నిలబడి ఉంది. ఇవాళ్టికి తెరిచారు సరే. నిన్నో? రేపో? నిన్ననీ రేపునీ కూడా రంగేసి దాచగలడా వీడు?

"టుడే, ద డోర్ ఈజ్ ఓపెన్," అంది వదిన గట్టిగా.

"టుడే, ద డోర్ ఈజ్ ఓపెన్," అంది అంతస్తు.

"యెస్టర్‌డే, ద డోర్ వాజ్ నాట్ ఓపెన్."

ఆలోచించారో ఆగిపోతారని నేర్పించింది ఎవరు? ఎవరూ ఆగలేదు. ఇన్నాళ్ళ అలవాటు, గొంతులు వాటంతట అవే లేచాయి. వాక్యం సగంలో ఉండగా వాళ్ళకి తాము ఏమంటున్నారో తెలిసొచ్చింది. తెలిసినా ఎవరూ గొంతు తగ్గించలేదు సరికదా, 'నాట్' దగ్గర కిటికీ అద్దాలు అదిరాయి.

"టుమారో, ద డోర్ విల్ నాట్ బి ఓపెన్!"

ఈసారి ఆమె పూర్తిచేసేదాకా కూడా ఆగలేదు వాళ్ళు. కాలర్ల ఆవిడ అయితే నడుం మీద చెయ్యి వేసుకుని మరీ అరిచింది.

"స్టాప్!" అన్నాడు అంతా ఓకే.

"స్టాప్!" అన్నారు వెనక వరసలో ఎవరో కొంటెగా. అంతస్తంతా "స్టాప్!" అంది.

ఆ గోలలో మాస్టారి నోటి నుంచి, పాపం, అలవాటు కొద్దీ "వెరీ గుడ్" అని వచ్చేసింది. వెంటనే నాలిక్కరుచుకుని ఓ మిషను వెనక్కి జరిగాడు.

వచ్చినావిడ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి ఆ తలుపు దాటింది. పై నాలుగు మెట్లే ఊడ్చి ఉన్నాయి. మలుపు తిరిగాక అట్టపెట్టెలు నిలువెత్తున, వాటి మీద వేలు మందాన దుమ్ము. ఆవిడ తిరిగొచ్చి చెయ్యి చాపి తాళం అడిగింది. అంతా ఓకే నీళ్ళు నములుతూ ప్యాంటు జేబులోంచి తీసిచ్చాడు. ఇక రేపటి నుంచి అంతా ఓకే అని కాబోలు, చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.

వదినకి చిర్రెత్తుకొచ్చింది. తాళానిదేముంది? పోతే బజారులో ఇంకోటి దొరుకుతుంది. గబగబా వెళ్ళి తలుపు రెక్కకున్న గొళ్ళెం మీద చెయ్యి వేసింది. దాన్ని పీకించండి అని చెప్పాలి. ఎంత వెతుక్కున్నా మాట దొరకలేదు, నేర్చుకున్న కాలాలు మూడూ కట్టగట్టుకుని పారిపోయాయి.

"దిస్! నో! దిస్ నో! టుమారో నో!" అని అరుస్తూ, గొళ్ళెం పట్టుకుని ఊడొచ్చేలా గుంజింది.

దానికి తర్జుమా అక్కర్లేకపోయింది. ఆవిడ మిషన్లు బాగుచేసే మెకానిక్కుని పిలిపించి, అక్కడే నిలబడి గొళ్ళెం ఊడదీయించింది. మరలు ఒక్కొక్కటే నేలమీద పడి దొర్లాయి. గొళ్ళెమూ తాళమూ తన సంచీలో వేసుకుని, సాయంత్రంలోగా పెట్టెలన్నీ తీసేయాలని చెప్పి, అవి దించడం మొదలయ్యేదాకా కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఆవిడ కారు గేటు దాటిందో లేదో, అంతా ఓకే వదిన మీదికి వచ్చాడు.

"ఏమమ్మా! ఎవరు నేర్పారు నీకు ఆ 'లేదు'?" అంటూ మాస్టారి వైపు కొరకొరా చూశాడు. మాస్టారు గొడుగు పట్టుకుని బిగుసుకుపోయాడు.

"ఆయన్నేం చూస్తారు సార్? లేదు అనడం నాకు పుట్టుకతోనే వచ్చు. ఇంగ్లీషులో అనడానికే ఇన్నాళ్ళు పట్టింది."

"ఇక క్లాసూ లేదు, గీసూ లేదు! నువ్వు రేపటి నుంచి గుండీల మిషను ముట్టుకోవద్దు. రోజంతా నిలబడి దారాలు కత్తిరించు, అప్పుడు తెలుస్తుంది!"

మనసు చివుక్కుమంది. చివుక్కుమనదూ మరి? పేరు తెచ్చిన మిషను అది, చేతికి అలవాటైన మిషను. కానీ ఆ చివుక్కుమనడం వీడికి కనపడనివ్వడమా!

"కత్తిరిస్తాను. ఆ బల్లేదో ఈ వెనక తలుపు పక్కనే వేయించండి. ఎవరైనా మళ్ళీ గొళ్ళెం పెడుతుంటే నాకు కనిపించాలి కదా."

అంతా ఓకే నోరు తెరిచాడు. ఆయనకున్న ఒక్క మాటా ఆ వేళ పనికి రాలేదు.

సాయంత్రం గంట మోగేసరికి వెనక మెట్ల మీద ఒక్క పెట్టె లేదు. బస్సు స్టాపుకి ముందు మెట్లే దగ్గర. అయినా ఎవరూ అటు కదల్లేదు. ఎవరూ ఏమీ అనుకోలేదు కూడా, సంచులు భుజాన వేసుకుని వెనక తలుపు దగ్గర చేరి, దారి వదిలి నిలబడ్డారు. తోడికోడలు తన మిషను దగ్గరే ఉంది. వదిన వెళ్ళి చెయ్యి పట్టుకోబోయింది.

"వద్దక్కా. నేను దిగుతాను."

వంకర పాదం ఈడ్చుకుంటూ అంతస్తు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, గొళ్ళెం ఊడిన చోట మిగిలిన మరల కన్నాలు వేలితో తడిమి చూసింది. తర్వాత గోడ పట్టుకుని దిగడం మొదలుపెట్టింది. పైన అందరూ ఆ చెప్పుల చప్పుడు వింటున్నారు. మలుపు తిరిగింది. రెండో అంతస్తు. మొదటిది. వదిన గడప దాకా వెళ్ళి కిందికి తొంగిచూసింది.

చప్పుడు ఆగిపోయింది. ఆ తర్వాత కింద నుంచి, ఆ క్లాసులో ఒక్కసారి కూడా ఆ వాక్యం పలకని గొంతు, మెట్లన్నీ మోగేలా లేచింది.

"ద డోర్ ఈజ్ ఓపెన్!"

ఈసారి ముందు నిలబడిన మనిషి ఆమె. పైనున్న వాళ్ళందరూ గొంతు కలిపారు, అందరికంటే గట్టిగా వదిన.